గురువారం మీర్‌పేటలో నేను లేను

ఆ మెసేజ్ నా ఫోనుకు రాలేదు. స్కూటీ నా పేరు మీదే ఉంది, నా జీతంతోనే కొనుక్కున్నాను. కానీ కొన్న రోజు షోరూములో కాగితాలు నింపింది మా ఆయన. ఫోను నంబరు అడిగితే అలవాటుగా తనది చెప్పాడు. అందుకే చలాన్ పడ్డ సంగతి నాకంటే ముందు ఆయనకు తెలిసింది.

శనివారం పొద్దున నేను పప్పులోకి పోపు పెడుతున్నాను. ఆయన స్నానం చేసి, తల తుడుచుకుంటూ వంటింటి గడపలో నిలబడ్డాడు. చేతిలో ఫోను ఉంది.

"బేస్తారం నాడు మీర్‌పేట ఎందుకు పోయినవ్?"

"మీర్‌పేటనా? నేను పోలే."

"చలాన్ వచ్చింది. హెల్మెట్ లేదని." ఫోను నా వైపు తిప్పాడు. "ఫోటో గూడ ఉంది."

మంట తగ్గించి, చేయి తుడుచుకుని చూశాను. వెనక నుంచి ఓరగా తీసిన ఫోటో. బూడిదరంగు స్కూటీ. నడుపుతున్న ఆడమనిషి నీలం చున్నీని తలకూ మొహానికీ చుట్టుకుంది. వెనక గళ్ల చొక్కా వేసుకున్న మగమనిషి, ఒళ్లో బ్యాగు పెట్టుకుని కూర్చున్నాడు. ఇద్దరికీ హెల్మెట్ లేదు. కింద మా బండి నంబరు. గురువారం మధ్యాహ్నం, మీర్‌పేట.

నా దగ్గరా నీలం చున్నీ ఉంది. బండి మీద పోయేటప్పుడు దుమ్ముకు నేనూ అలాగే చుట్టుకుంటాను, పైన హెల్మెట్ పెట్టుకుంటాను. ఫోటోలో ఉన్నది నేనేనేమోనని ఒక్క క్షణం నాకే అనిపించింది.

"గిది నేను కాదు," అన్నాను.

"నంబర్ మనదే గదా."

"నంబర్ మనదే. మనిషిని నేను కాదు."

ఆయన ఇంకోసారి ఫోటో చూసుకున్నాడు. "సరే తియ్. ఎవలన్న లిఫ్ట్ అడిగితే ఇచ్చినవేమో. గదేం పెద్ద ముచ్చట. కడ్తే అయిపోతది."

కోప్పడి ఉంటే నేనూ కోప్పడేదాన్ని. కోప్పడలేదు. నేను అడగకముందే నాకో సాకు వెతికి పెట్టి, దాన్ని తనే క్షమించేశాడు.

"కట్టకు," అన్నాను.

"ఎందుకు?"

"కడ్తే నేనే పోయినట్టు ఒప్పుకున్నట్టయితది."

"పోలీసోళ్లకు ఒప్పుకుంటే మనకేమైతది?"

"నేను పోలీసోళ్ల గురించి చెప్తలేను."

ఆయన నా మొహంలోకి చూశాడు. ఏదో అనబోయాడు. బయట కంపెనీ బస్సు వచ్చే టైమయింది. కొంగరకలాన్‌లోని ఫ్యాక్టరీలో ఆయన లైన్ సూపర్‌వైజర్. ఆ బస్సు ఎవరి కోసమూ ఆగదు. డబ్బా తీసుకుని వెళ్లిపోయాడు.

హాల్లో చిక్కుడుకాయలు తుంచుతున్న అత్తమ్మ అంతా వింది. "ఏమొచ్చిందే?" అని అడిగింది.

"చలాన్ వచ్చింది అత్తమ్మా. మనది కాదు."

"మనది కాకపోతే మనకెందుకొస్తది?"

ఆమె ఎత్తిపొడవడానికి అన్న మాట కాదు, నిజంగానే అర్థం కాక అడిగింది.

నేను ఇబ్రహీంపట్నంలో బస్టాండుకు దగ్గరగా ఉన్న ఒక డయాగ్నోస్టిక్ సెంటర్లో పనిచేస్తాను. సెంటర్‌కు రాలేని ముసలివాళ్ల ఇళ్లకు వెళ్లి రక్తం తీసుకురావడం కూడా నా పనే. ఒక్కోరోజు చుట్టుపక్కల నాలుగైదు ఊళ్లు తిరుగుతాను. బండి లేకపోతే ఆ ఉద్యోగం లేదు. కొన్న కొత్తలో అత్తమ్మకు నచ్చలేదు. తర్వాత తర్వాత ఆమే నా వెనక కూర్చుని అంగడికి రావడం మొదలుపెట్టింది. మా ఇంట్లో ఆ బండి గురించి గొడవలన్నీ ఎప్పుడో అయిపోయాయని అనుకున్నాను.

సోమవారం నేను సెంటర్‌కు వెళ్లేసరికి రిసెప్షన్లో కూర్చునే అమ్మాయి నా కోసమే చూస్తున్నట్టుంది. పేషెంట్లు ఇంకా రాలేదు. దగ్గరికి వచ్చి గొంతు తగ్గించింది.

"అక్కా, మొన్న శనివారం నువ్వు శాంపిల్స్‌కు పోయినంక అన్న ఫోన్ చేసిండు."

"నాకా?"

"కాదక్కా. ఈడ సెంటర్ నంబర్‌కు. బేస్తారం మధ్యాహ్నం నువ్వు ఈడనే ఉన్నవా అని అడిగిండు."

"నువ్వేం చెప్పినవ్?"

"బయటికి పోయింది, శాంపిల్స్‌కు పోయింది అని చెప్పిన." ఆమె నా మొహం చూసి భయపడింది. "నేనేమన్న తప్పు చెప్పిన్నా అక్కా?"

"లేదు. ఉన్నదే చెప్పినవ్," అన్నాను.

ఆ పొద్దున మొదట వచ్చిన పేషెంట్‌కు నరం దొరకలేదు. నడివయసు మనిషి, చేతి మీద నరాలు తాళ్లలా పైకి కనిపిస్తున్నాయి. అయినా మొదటి పోటు తప్పింది. ఆయన మొహం చిట్లించి, "కొత్తనా అమ్మా?" అన్నాడు. నేను ఆ పనిలో చేరి ఏళ్లయింది. రెండో చేతికి పట్టీ కట్టి తీశాను.

గురువారం మధ్యాహ్నం నేనెక్కడున్నానో నాకు బాగా గుర్తుంది. మంచాల దిక్కు ఒక ఊళ్లో, పక్షవాతంతో మంచాన పడ్డ ఒక అవ్వ ఇంట్లో ఉన్నాను. రక్తం తీశాక చాయ్ తాగందే ఆమె కదలనివ్వదు. మా ఆయనను అక్కడికి తీసుకెళ్తే "అవ్ బిడ్డా, నా కాడనే ఉండె" అని నా తరఫున చెప్తుంది. బండి నడుపుతూ ఆ మాటే చాలాసేపు ఆలోచించాను. ఆ అవ్వను సాక్షిగా నిలబెట్టి నా మొగుడి ముందు నన్ను నేను నిరూపించుకోవడం ఊహించుకుంటేనే తల తీసేసినట్టనిపించింది. నేను ఆ ఇంటికి పోలేదు.

మధ్యాహ్నం అన్నం తినే టైముకు మెడికల్ వేస్ట్ డబ్బాలు పెట్టే వెనక గదిలోకి వెళ్లి, నా ఫోన్లో బండి నంబరు కొట్టి ఆ చలాన్ తెరిచాను. ఫోటోను వేళ్లతో పెద్దది చేసి, ఆ మనుషులను వదిలేసి బండిని చూశాను.

వెనక లైటు దగ్గర నా వేలు ఆగిపోయింది.

పోయిన వానాకాలం మార్కెట్ గేటు ముందు ఒక ఆటో నా బండిని వెనక నుంచి తాకింది. కుడివైపు లైటు అద్దం పగిలింది. మా ఆయన ఒక ఆదివారం పూట బండిని నీడలోకి తోసుకుని, పగిలిన చోట ఎర్ర టేపు పొరలు పొరలుగా అతికించాడు. మెకానిక్ కూడా ఇంత బాగా చెయ్యడని వాళ్లమ్మను పిలిచి చూపించుకున్నాడు. ఫోటోలో ఉన్న బండికి లైటు చెక్కుచెదరకుండా ఉంది. కొత్త బండి లైటులా మెరుస్తోంది.

ఇది మా బండే కాదు.

గోడకు ఆనుకుని కాసేపు కళ్లు మూసుకున్నాను. ప్రాణం లేచొచ్చినట్టయింది. వెంటనే ఆయనకు ఫోన్ చేద్దామని నంబరు కూడా తీశాను. అప్పుడే ఇంకో ఆలోచన వచ్చింది. ఆ టేపు అతికించింది ఆయన చేతులే కదా. ఆ ఫోటో నాకంటే ముందు చూసింది ఆయనే. మరి ఆ లైటు ఆయనకెందుకు కనిపించలేదు? వెనక కూర్చున్న మగమనిషి కనిపించాడు, బండి కనిపించలేదా?

నేను ఫోన్ చేయలేదు. చెప్పకూడదని ఆ గదిలోనే నిర్ణయించుకున్నాను. లైటు చూపిస్తే తప్పకుండా నమ్ముతాడు. కానీ లైటు లేకుండానే నమ్మాలని నాకుంది. లేదంటే కనీసం తనే చూసుకోవాలి.

ఇప్పుడు తలచుకుంటే అది మొండితనమే. కానీ ఆ వారం నాకు మిగిలింది అదొక్కటే.

ఇంట్లో మాటలు తగ్గాయి. అన్నం పెట్టనా, నీళ్లు వచ్చాయా, అంతవరకే. రోజూ పొద్దున "ఇయ్యాల ఏ ఊరికి?" అని అడగడం ఆయనకు ముందునుంచీ అలవాటే. అంతకుముందు ఆ ప్రశ్నను నేను పట్టించుకునేదాన్నే కాదు. ఇప్పుడు అడిగితే ఒళ్లు బిగుసుకుపోతోంది. ఫలానా ఊరు, ఫలానా వాళ్ల ఇల్లు, ఫలానా టైముకు వస్తా అని అడగనివన్నీ కలిపి చెప్తున్నాను. చెప్పాక నా మీద నాకే అసహ్యం వేస్తోంది. బుధవారం అంగడికి పోదాం రమ్మంటే అత్తమ్మ, "ఆటోల పోత తియ్. నీకెందుకు పరేషాన్," అంది. ఆమె మనసులో ఏముందో నాకు తెలియదు. అడగడానికి ధైర్యం చాలలేదు.

మహేశ్వరంలో ఉన్న మా అక్కకు ఫోన్ చేసి చెప్పుకున్నాను. ఆమె అంతా విని, "కట్టి పడెయ్ రాదే. చిన్న చలాన్ కోసం సంసారం ఆగం చేసుకుంటవా?" అంది.

"సంసారం కోసమే కడ్తలేను అక్కా."

"నీ మాటలు నాకు అర్థం కావు," అని నిట్టూర్చింది. పెట్టేసేముందు మాత్రం, "అన్నం తింటున్నవా?" అని అడిగింది.

శుక్రవారం సాయంత్రం ఆయన షిఫ్టు నుంచి వచ్చి, చాయ్ తాగి, సోఫాలో కూర్చుని ఫోను తీశాడు. అత్తమ్మ టీవీ చూస్తోంది. నేను ఉతికిన బట్టలు మడతపెడుతున్నాను.

"చలాన్ కడ్తున్న," అన్నాడు నావైపు చూడకుండా. "ఇంకెన్ని రోజులు పెట్టుకుంటం. సాగర్ రోడ్డు మీద రోజూ ఆపుతున్నరు. పెండింగ్ ఉన్నదని బండి గుంజుకుంటే నీ పనికే ఇబ్బంది."

"కట్టొద్దన్న గదా."

"నీ మంచికే చెప్తున్న." బొటనవేలు స్క్రీను మీద కదులుతోంది.

మడతపెడుతున్న చొక్కా కింద పడేశాను. "నువ్వు అది నొక్కినవంటే నేను ఇగ బండి ముట్ట. రేపటి సంది కొలువుకు గూడ పోను. ఇంట్లనే కూసుంట. ఏడికి పోయిన్నో అడిగే పని గూడ ఉండది నీకు."

నా గొంతు అంత పెద్దదని నాకే తెలియదు. అత్తమ్మ రిమోట్ తీసుకుని టీవీ ఆపేసింది.

"గంత కోపమెందుకు? నేనేమన్న అన్ననా నిన్ను?"

"అనలే. అన్నా బాగుండు. సెంటర్‌కు ఎందుకు ఫోన్ చేసినవ్?"

ఆయన వేలు ఆగింది.

"ఫోన్ చేసినవారా?" అత్తమ్మ కొడుకు వైపు తిరిగింది. "ఎవలకు?"

"ఊరికెనే… తెలుసుకుందామని."

"నన్ను అడిగితే తెల్వదా?" అన్నాను.

"అడిగిన గదా."

"అడిగినవ్. నేను చెప్పిన. మల్ల గా పిల్లనెందుకు అడిగినవ్?"

ఆయన ఫోను వైపే చూస్తూ కూర్చున్నాడు. నేను ఏడవకూడదని పళ్లు బిగపట్టాను. చివరికి మాట్లాడింది అత్తమ్మే.

"ఫోన్ అవతల పెట్టురా. రేపు ఇద్దరు పోయి గా పోలీసోళ్లనే అడుగున్రి. ఆమె పోలే అంటున్నది గదా. పోలే అన్నప్పుడు ఎందుకు కట్టాలె?"

అప్పటిదాకా ఆమె నా పక్షాన లేదని అనుకుంటున్నాను. ఆ మాట విన్నాక ఆపుకోలేక వంటింట్లోకి పోయాను.

మర్నాడు ఆయన సెలవు పెట్టాడు. బండి నేనే తీశాను. ఆయన వెనక కూర్చున్నాడు, ఇద్దరం హెల్మెట్లు పెట్టుకున్నాం. సాగర్ రోడ్డు మీద లారీల మధ్య పోతుంటే ఒక పిచ్చి ఆలోచన వచ్చింది. వెనక నుంచి చూసేవాళ్లకు ఇప్పుడు మేమూ ఆ ఫోటోలాగే కనిపిస్తాం. బూడిదరంగు స్కూటీ, ముందు ఆడమనిషి, వెనక మగమనిషి. ఆ ఇద్దరూ కూడా మాలాగే మొగుడూపెళ్లాలేమో. అన్నాచెల్లెళ్లేమో. ఎవరైతే నాకేం. నాకు భయంగానే ఉంది. పోలీసులు లైటు సంగతి ఒప్పుకోకపోతే? టేపు నిన్నే అతికించారేమో అంటే?

ట్రాఫిక్ స్టేషన్ గుమ్మంలోనే ఒక కానిస్టేబుల్ ఆపి విషయం అడిగాడు. విని నవ్వాడు. "గింత దానికి ఇంత దూరం వచ్చిన్రా అమ్మా? కట్టుకుంటే ఒడిసిపోతుండె గదా."

"మాది కానిది మేమెందుకు కడ్తం అన్నా?" అన్నాను. అతను ఇంకేం అనకుండా లోపలికి పంపాడు.

లోపల ఎస్సై కంప్యూటర్ ముందున్నాడు. జుట్టు నెరిసిన మనిషి. విసుగు లేదు, ఉత్సాహమూ లేదు. నంబరు కొట్టి ఫోటో తెరిచాడు.

"బండి మీది లెక్కనే ఉన్నది గదమ్మా. రంగు గూడ అదే."

"మాది కాదు సార్."

"కాదని ఎట్ల చెప్తరు? మీ బండికి ఈ బండికి తేడా ఏమన్న ఉందా?"

మా ఆయన నా పక్కనే నిలబడి ఉన్నాడు. ఆయన నోటి నుంచి ఆ మాట వస్తుందేమోనని ఒక్క క్షణం ఆగాను. రాలేదు.

"వెనక లైట్ సార్," అన్నాను. "మాది పోయిన వానకాలం పలిగింది. కుడిపక్క ఎర్ర టేపు ఉంటది. ఈ ఫోటోల లైటు మంచిగున్నది. బండి బయటనే ఉంది, చూడున్రి."

ఎస్సై కానిస్టేబుల్‌ను పంపించాడు. మా ఆయన మానిటర్ వైపు వంగాడు. నేను మానిటర్‌ను చూడలేదు, ఆయన్నే చూశాను. ఆయన చాలాసేపు అలాగే వంగి ఉన్నాడు. లేచేటప్పుడు బల్ల అంచు పట్టుకున్నాడు.

"గా టేపు నేనే ఏసిన సార్," అన్నాడు.

కానిస్టేబుల్ తన ఫోన్లో బండి ఫోటో తీసుకొచ్చి చూపించాడు. ఎస్సై రెండూ పక్కపక్కన పెట్టి చూసి, నంబరు ప్లేటును పెద్దది చేశాడు. "చివరిది మీది మూడు. ఇది మూడు కాదు, ఎనిమిది లెక్కనున్నది. పక్కన స్క్రూ ఎండకు మెరిసింది, మావోడు మూడని కొట్టిండు." ఆ చివరి అంకె మార్చి వెతికాడు. అదే కంపెనీ బండి, అదే రంగు. మేము కొన్న రోజుల్లోనే రిజిస్టర్ అయింది. మీర్‌పేటలో ఉండే ఒక ఆడమనిషి పేరు మీద ఉంది.

"దొరికింది. మీది తీసేస్తం. ఆమెకు పంపిస్తం," అని మౌస్ మీద చేయి వేశాడు.

నేను గెలిచాను. గుండె తేలికపడాల్సింది. కానీ ఆ తెర మీద ఉన్న ఫోను నంబరే కనిపిస్తోంది నాకు. ఆ నంబరు ఆమెదేనా? లేక ఇంకొకరి చేతిలో మోగుతుందా? ఆ ఫోటో తెరిచి, గళ్ల చొక్కా మనిషిని చూసి, గడపలో నిలబడి ఎవరైనా ఆమెను అడుగుతారా?

"సార్, ఆ ఫోన్ నంబర్ ఆమెదేనా?" అని అడిగాను.

"నాకెట్ల తెలుస్తదమ్మా? బండి కొన్నప్పుడు ఏదిస్తే అదుంటది."

ఆమె హెల్మెట్ లేకుండా నడిపిన మాట నిజమే. తప్పు తప్పే. పంపొద్దనడానికి నేనెవరిని?

"సార్," అన్నాడు మా ఆయన. "ఎనిమిదో మూడో మనకే సక్కగ కనిపిస్తలేదు. మీరు గూడ ఎనిమిది లెక్కనున్నది అనే అంటున్నరు గదా. గిట్లనే పంపితే వాళ్లింట్ల ఏమైతదో. మా ఇంట్ల వారం దినాల సంది అన్నం సయిస్తలేదు."

ఎస్సై మౌస్ మీది చేయి తీసి మా ఇద్దరినీ మార్చి మార్చి చూశాడు. ఏదో అర్థమైనట్టే ఉంది. "అది మేం చూసుకుంటం. మీ పని అయింది, పోన్రి," అన్నాడు. ఆమెకు పంపాడో, ఫోటో స్పష్టంగా లేదని వదిలేశాడో మాకు తెలియదు. మా చలాన్ మాత్రం రెండు మూడు రోజుల్లో పోయింది.

బయటికొచ్చాక మా ఆయన బండి వెనక గొంతుక్కూర్చున్నాడు. ఎండకు అంచు లేచిన టేపును వేలితో నొక్కాడు.

"నీకు ముందే తెలుసా?"

"తెలుసు. సోమవారం సంది."

"మరి చెప్పలేదేంది?"

"నువ్వు చూస్తవని."

ఆయన లేచి నిలబడ్డాడు. రోడ్డు వైపు చూస్తూ, "తప్పయింది," అన్నాడు.

పోనీలే అనడం నాకు తెలుసు. ఎన్నోసార్లు అన్నాను కూడా. ఆ రోజు ఆ మాట నోటిదాకా రాలేదు. "నాకు చెప్తే సరిపోదు," అన్నాను. "సెంటర్ల గా పిల్లకు ఫోన్ చెయ్. ఆమె ముంగట నా ఇజ్జత్ తీసినవ్."

"ఇప్పుడా?"

"ఇప్పుడే."

ఆయన కాసేపు చెప్పులతో మట్టి గీశాడు. తర్వాత ఫోను తీశాడు. "అమ్మా, నేను… అక్క వాళ్లాయనను. మొన్న ఫోన్ చేసి అడిగిన గదా, గది నేను తప్పు అడిగిన. చలాన్ మాది కాదంట. అక్క ఏం అనుకోలే… ఆఁ, నాదే తప్పు." పెట్టేసేసరికి ఆయన మెడ చెమటతో తడిసిపోయింది. నేను బండి స్టార్ట్ చేశాను.

ఆ ఒక్క ఫోనుతో అంతా సర్దుకుందని చెప్పను. చాలా రోజులు నేను పొడిపొడిగానే ఉన్నాను. ఆయన పొద్దున ఏ ఊరికని అడగడం మానేశాడు. మానేయడం కూడా నాకు ఇబ్బందిగానే ఉండేది, కావాలని నోరు కట్టేసుకున్నట్టు తెలిసిపోయేది. దసరాకు కాస్త ముందు ఒక పొద్దున నేను శాంపిల్ డబ్బా సర్దుకుంటూ, ఆయన అడగకుండానే, యాచారం దాకా పోయేది ఉంది, వచ్చేసరికి ఆలస్యమైతది అన్నాను. ఆయన బూట్లు తొడుక్కుంటున్నవాడల్లా తలెత్తి, "సరే, అన్నం నేను పెట్టుకుంట తియ్," అన్నాడు.